వకీలు లేకుండా కేసు నడుపుకునేవారికి ఏఐ ఎంతవరకు తోడు? తరచుగా అడిగే ప్రశ్నలు

సొంతంగా ఫిర్యాదు వేసుకునేవారి సందేహాలు ఒకప్పుడు "ఫారం ఎక్కడ దొరుకుతుంది?" అని మొదలయ్యేవి. ఇప్పుడు "చాట్‌జీపీటీ ఇలా రాసిచ్చింది, ఇది చాలా?" అని మొదలవుతున్నాయి. అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కనుక జవాబులన్నీ ఒకచోట పెట్టాను. ఉదాహరణలు ఎక్కువగా వినియోగదారుల కమిషన్‌వి. వకీలు లేనివారు కూడా నేరుగా వచ్చి చెప్పుకోగలగాలన్న ఉద్దేశంతో ఏర్పడిన వ్యవస్థ అది. మీరు ఏ దశలో ఉన్నారో ఆ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## అడుగు వేసే ముందు

వకీలును పెట్టుకోకుండా నా కేసు నేనే వాదించుకోవచ్చా? చట్టం ఒప్పుకుంటుందా?

ఒప్పుకుంటుంది. ఇతరుల తరఫున వృత్తిగా వాదించే హక్కు 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం ప్రకారం న్యాయవాదులదే. సొంత కేసు సొంతంగా చెప్పుకోవడానికి మాత్రం ఎవరికీ పట్టా అక్కర్లేదు. కోర్టు వ్యవహారంలో అలాంటివారిని 'పార్టీ ఇన్ పర్సన్' అంటారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ మూడో ఆర్డరులో ఈ వెసులుబాటు ఉంది. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. ఆ కోర్టులో వకీలును పెట్టుకోవడం హక్కుగా అడగలేరు, కోర్టు అనుమతించాలి. సుప్రీంకోర్టులో అయితే మీరు విషయం చెప్పగలరో లేదో ముందుగా రిజిస్ట్రార్ మీతో మాట్లాడి చూస్తారు. కొన్ని హైకోర్టుల్లోనూ ఇలాంటి పరిశీలన ఉంది.

క్రిమినల్ కేసులో మీరు నిందితులైతే నా సలహా వేరు. జైలు మాట ఉన్నచోట ఏఐని నమ్ముకుని ఒంటరిగా నిలబడవద్దు.

అసలు ఏఐ నాకు ఏ పనికి ఉపయోగపడుతుంది? ఏ పనికి పనికిరాదు?

మీ చేతిలో ఉన్న కాగితాల మీద దానితో పని చేయించుకోండి. దాని జ్ఞాపకశక్తిని మాత్రం నమ్ముకోకండి. ఈ ఒక్క గీత దాటకపోతే చాలావరకు క్షేమం.

బిల్లు, వారంటీ కార్డు, కంపెనీతో నడిచిన ఈమెయిళ్లు ఇచ్చి "తేదీల వారీగా సర్దిపెట్టు" అంటే బాగా చేస్తుంది. పది పేజీల పాలసీ పత్రం ఇచ్చి "ఇందులో నాకు వర్తించే మినహాయింపులు ఏ పేజీలో ఉన్నాయి?" అంటే చూపిస్తుంది. మీరే పేజీ తిప్పి సరిచూసుకోవచ్చు. "ఇలాంటి కేసులో సుప్రీంకోర్టు ఏమంది?" అని అడిగినప్పుడే చిక్కు వస్తుంది. తెలిస్తే చెబుతుంది, తెలియకపోతే అంతే ధీమాగా కల్పిస్తుంది. రెండింటికీ మాట తీరు ఒకటే కనుక వినేవారికి తేడా తెలియదు.

ఉచితంగా వకీలును ఇస్తారట కదా? మరి ఏఐ ఎందుకు?

మీరు అర్హులైతే ముందు అదే అడగండి. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవారు, ప్రకృతి వైపరీత్యాల బాధితులు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి. ఊరు దాటలేనివారికి టెలీ లా పథకం ఉంది. కామన్ సర్వీస్ సెంటర్ ద్వారా గానీ 14454 నంబరుకు గానీ న్యాయవాదితో మాట్లాడవచ్చు.

మహిళలకు ఆదాయ పరిమితి లేదన్న సంగతి చదువుకున్నవారిలోనూ చాలామందికి తెలియదు. ఏఐకి నెలవారీ చందా కట్టే ముందు ఈ ఫోను చేయడం తెలివైన పని. వకీలు దొరికాక కూడా ఏఐ వృథా కాదు. కాగితాలు సర్దుకుని వెళ్తే ఆయనతో దొరికే పావుగంట అసలు విషయానికి మిగులుతుంది.

"రోబో లాయర్" అని ప్రకటనలు వస్తున్నాయి. డబ్బు కట్టి చేరవచ్చా?

అమెరికాలో డునాట్‌పే అనే సంస్థ తనను తాను ప్రపంచపు తొలి రోబో లాయర్‌నని చెప్పుకుంది. ఆ సేవ నిజంగా న్యాయవాది స్థాయిలో ఉందో లేదో పరీక్షించకుండానే ప్రచారం చేసుకున్నారని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో చర్య తీసుకుంది. సంస్థ 1,93,000 డాలర్లు కట్టి రాజీ పడింది. ఎవరైనా "గెలుపు గ్యారంటీ" అన్నారంటే అక్కడితో ఆగిపోండి. అలా హామీ ఇచ్చే మనిషినీ నమ్మలేం, యంత్రాన్నీ నమ్మలేం.

కేసు వేయడానికి నాకు గడువు ఉందో లేదో ఏఐని అడిగి తెలుసుకోవచ్చా?

అడగండి, కానీ ఆ జవాబు మీద ఆధారపడి ఆగకండి. గడువు దాటితే బలమైన కేసు కూడా గుమ్మంలోనే ఆగిపోతుంది. వినియోగదారుల ఫిర్యాదుకు వివాదం పుట్టిన నాటి నుంచి రెండేళ్లు. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు, మన్నించకపోనూ వచ్చు.

చెక్ బౌన్స్ అయితే ఒకటి కాదు, మూడు గడువులు గొలుసుగా ఉంటాయి. చెక్కు తిరిగివచ్చినట్టు బ్యాంకు చెప్పిన నాటి నుంచి 30 రోజుల్లో మీరు నోటీసు పంపాలి. అది అందిన తర్వాత ఎదుటివారికి డబ్బు కట్టడానికి 15 రోజులు ఉంటాయి. అవి ముగిశాక ఒక నెలలోపు మీరు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఏఐకి మీరు చెక్కు తేదీ మాత్రమే చెబితే అక్కడి నుంచే లెక్క కట్టేస్తుంది. బ్యాంకు మెమో ఏ రోజు అందిందని తిరిగి అడగకపోవచ్చు. గడువు దగ్గర పడిందని అనుమానం వస్తే ఆ రోజే న్యాయవాదికో న్యాయ సేవాధికార సంస్థకో చూపించండి.

## కాగితాలు సర్దుకునేటప్పుడు

కాగితాల ఫోటోలు తీసి ఏఐకి పంపవచ్చా? ప్రమాదం ఏమైనా ఉందా?

పంపే ముందు ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, ఫోను నంబర్లు, ఇంటి చిరునామా కప్పేయండి. లెక్కలు సర్దడానికి అవేవీ అక్కర్లేదు. పేర్ల స్థానంలో 'కొనుగోలుదారు', 'దుకాణం' అని పెట్టినా పని జరుగుతుంది. మీ సంభాషణలను మోడల్ శిక్షణకు వాడకుండా ఆపే సదుపాయం చాలా యాప్‌ల సెట్టింగుల్లో ఉంటుంది. దాన్ని ఆపేయండి.

ఇంతకంటే పెద్ద విషయం ఒకటుంది. వకీలుకు మీరు చెప్పుకున్నదానికి సాక్ష్య చట్టం రక్షణ ఇస్తుంది, ఆయన దాన్ని బయటపెట్టకూడదు. చాట్‌బాట్‌తో చెప్పుకున్నదానికి ఆ రక్షణ ఉందనుకోవద్దు. "తప్పు కొంత నాది కూడా, ఇది దాచి ఎలా రాయాలి?" లాంటి ప్రశ్నలు అక్కడ టైపు చేయకండి. లైంగిక నేరాల బాధితుల వివరాలు, పిల్లలకు సంబంధించిన కేసుల కాగితాలు ఎట్టి పరిస్థితుల్లోనూ ఎక్కించవద్దు. ఆ బాధితుల గుర్తింపు బయటపెట్టడమే నేరం.

ఇంగ్లీషులో నోటీసు వచ్చింది. ఏఐ తెలుగులో చెప్పింది నమ్మవచ్చా?

సారాంశం తెలుసుకోవడానికి వాడుకోండి. నోటీసులో మూడు సంగతులు మాత్రం అసలు కాగితంలోనే వెతకండి: ఎవరు పంపారు, ఎన్ని రోజుల్లో జవాబు అడిగారు, ఏ తేదీన ఎక్కడికి రమ్మన్నారు. అనువాదంలో ఒక్క 'కాదు' ఎగిరిపోయినా అర్థం తిరగబడుతుంది. తేడాగా అనిపించిన వాక్యాన్ని విడిగా ఇచ్చి, "మాటకు మాట చెప్పు, క్లుప్తం చేయవద్దు" అని అడగండి. దీర్ఘమైన పేరాను ఒక్కసారిగా ఇస్తే తనకు ముఖ్యం కాదనిపించింది వదిలేసే అలవాటు ఈ పరికరాలకు ఉంది.

నాకు టైపింగ్ రాదు, ఇంగ్లీషు రాదు. నా గోడు ఎలా చెప్పుకోవాలి?

నోటితో చెప్పండి. ఫోన్లో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంటుంది, చాలా ఏఐ యాప్‌లు తెలుగు మాట వింటాయి. భారతీయ భాషల కోసం కేంద్రం 2022లో తెచ్చిన భాషిణి కూడా మాటను రాతగా మార్చుతుంది. ఇంట్లో మనిషికి చెప్పినట్టు మొదటి నుంచి చివరిదాకా చెప్పేయండి, తర్వాత దాన్ని సర్దమనండి. ఊరి పేర్లు, ఇంటిపేర్లు, అంకెలు తప్పు వింటుంది. 'పదిహేను వేలు' కాస్తా 'పదిహేడు వేలు' కావచ్చు. అంకెలన్నీ ఎవరిచేతనైనా బిల్లుతో పోల్చి చదివించుకోండి.

వాట్సాప్ మెసేజ్‌లు, ఫోటోలు సాక్ష్యంగా ఇవ్వాలి. మసకగా ఉన్న ఫోటోను ఏఐతో శుభ్రం చేయించవచ్చా?

వద్దు. ఇందులో సడలింపు లేదు. ఏఐ ఫోటోను స్పష్టం చేస్తున్నప్పుడు ఉన్నదాన్ని తేటపరచడంతో ఆగదు, లేనిదాన్ని ఊహించి గీస్తుంది. బిల్లులో చెరిగిపోయిన అంకె స్థానంలో తనకు తోచిన అంకె పెట్టగలదు. మీరు మంచి ఉద్దేశంతో చేసినా ఎదుటి వకీలు దాన్ని సాక్ష్యం దిద్దడం అంటారు. అది దిద్దడమే. ఒక్క ఫోటో మీద అలాంటి మచ్చ పడితే మిగతా కాగితాలనూ అనుమానంగా చూస్తారు.

అసలు ఫైలు ఫోన్లో అలాగే ఉంచండి. ఆ ఫోను మార్చవద్దు, అమ్మవద్దు. మసక ఫోటోను మసకగానే ఇచ్చి, అందులో ఏముందో మీ ఫిర్యాదులో మాటల్లో రాయండి. కాల్ రికార్డింగును ఏఐతో రాతలోకి మార్చుకోవచ్చు, కానీ ఆడియోను కత్తిరించకండి. మొత్తం ఫైలు భద్రపరచండి.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి రెండు భాగాల ధ్రువపత్రం అడుగుతుంది. ఒక భాగం ఇచ్చేవారిది, రెండోది నిపుణుడిది. వినియోగదారుల కమిషన్లు సివిల్ కోర్టులంత కఠినంగా సాక్ష్య చట్టాన్ని పట్టుకోవు, అయినా ధ్రువపత్రం ఉంటే ఎదుటివారి అభ్యంతరానికి బలం తగ్గుతుంది. ఏఐ ఇప్పటికీ పాత సాక్ష్య చట్టంలోని 65బి సెక్షన్ ధ్రువపత్రం నమూనా ఇవ్వవచ్చు, చూసుకోండి.

## ఫిర్యాదు రాసేటప్పుడు

ఫిర్యాదు మొత్తం ఏఐతో రాయించేస్తే ఏమవుతుంది?

చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. అందులో మీరు చెప్పని సంగతులు ఉంటాయి. ఫ్రిజ్ పాడైందని రెండు ముక్కలు చెప్పి రాయమంటే "తీవ్ర మానసిక క్షోభకు గురై వైద్యుడిని సంప్రదించాల్సి వచ్చింది" అని చేర్చడం దానికి మామూలు. మీరు దాని కింద సంతకం పెడతారు. ఫిర్యాదుతో పాటు అఫిడవిట్ ఇస్తారు, అంటే అందులోని ప్రతి వాక్యం నిజమని ప్రమాణం చేస్తారు. "ఏ వైద్యుడు? చీటీ ఏది?" అని ఎదుటి వకీలు అడిగితే ఏఐ వచ్చి జవాబు చెప్పదు. తప్పుడు అఫిడవిట్ నేరం కూడా.

నేను చెప్పే పద్ధతి ఇది. ముందు మీ మాటల్లో, తెలుగులో, ఒక తెల్లకాగితం మీద జరిగింది జరిగినట్టు రాయండి. ప్రతి సంగతికీ పక్కన దానికి రుజువుగా ఉన్న కాగితం ఏదో రాయండి. లేకపోతే 'రుజువు లేదు' అని రాయండి. ఆ తర్వాతే ఏఐకి ఇచ్చి ఇలా చెప్పండి: "దీన్ని తేదీల వరుసలో, నంబర్లు వేసిన పేరాలుగా సర్దు. నేను చెప్పని ఏ సంగతీ చేర్చవద్దు. ఎక్కడైనా తేదీ గానీ వివరం గానీ లేకపోతే ఖాళీ వదిలి, నన్ను అడుగు. తీర్పులు, సెక్షన్లు నీ అంతట నువ్వు పెట్టవద్దు."

వచ్చినదాన్ని బిగ్గరగా చదవండి. మీరు మామూలుగా వాడని పెద్ద మాట కనిపిస్తే తీసేయండి. కమిషన్ సభ్యులు రోజూ కట్టలకొద్దీ ఫిర్యాదులు చదువుతారు. ఏమి కొన్నారు, ఎంత కట్టారు, ఏమి పాడైంది, ఎన్నిసార్లు అడిగారు, ఏమి కావాలి అన్నవి మూడు పేజీల్లో దొరికితే వారికి చాలు. పాతిక పేజీల అలంకారం మీకు మేలు చేయదు. నష్టపరిహారం ఎంత అడగాలన్నది కూడా ఏఐకి వదలకండి. అది గుండ్రటి పెద్ద అంకె చెబుతుంది. మీరు మరమ్మతుకు, ప్రయాణానికి, బదులుగా కొన్న వస్తువుకు పెట్టిన ఖర్చును రసీదులతో కూడండి, దానికి బలం ఉంటుంది.

ఏ కమిషన్‌లో వేయాలి, ఫీజు ఎంత? ఏఐ ఒకసారి 20 లక్షలు అంటుంది, ఒకసారి కోటి అంటుంది!

అది మూడు కాలాల చట్టాలను కలిపేస్తోంది. 20 లక్షలు 1986 నాటి పాత వినియోగదారుల రక్షణ చట్టం మాట. దాని స్థానంలో తెచ్చిన 2019 చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చినప్పుడు జిల్లా కమిషన్ పరిమితి కోటి. 2021 చివర్లో వచ్చిన నిబంధనలు దాన్ని 50 లక్షలు చేశాయి. కాబట్టి 50 లక్షల వరకు జిల్లా కమిషన్, అక్కడి నుంచి 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్.

ఏఐ ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇంకోచోట. పాత చట్టంలో వస్తువు విలువకు మీరు అడిగే నష్టపరిహారం కూడా కలిపి లెక్కించేవారు. కొత్త చట్టంలో మీరు చెల్లించిన సొమ్మే లెక్క. 40 వేల ఫ్రిజ్‌కు ఎంత పరిహారం అడిగినా అది జిల్లా కమిషన్ కేసే. ఫీజు కూడా చెల్లించిన సొమ్మును బట్టే: 5 లక్షల వరకు ఏమీ లేదు, 10 లక్షల వరకు 200, 20 లక్షల వరకు 400, 50 లక్షల వరకు 1,000 రూపాయలు.

ఎక్కడ కొన్నా మీరు నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే వేయవచ్చు. హైదరాబాద్‌లో కొన్న వస్తువుకు శ్రీకాకుళంలో ఉంటున్నవారు శ్రీకాకుళంలోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. కొత్త చట్టంలో సామాన్యుడికి దక్కిన మంచి మార్పుల్లో ఇదొకటి, ఏఐ దీన్ని తరచూ మరిచిపోతుంది.

ఏఐ ఐదు తీర్పుల పేర్లు ఇచ్చింది. అవి నిజమైనవో కాదో ఎలా తెలుసుకోవాలి?

ప్రతి తీర్పునూ మీ కళ్లతో చూడాలి. సుప్రీంకోర్టు తీర్పులు ఆ కోర్టు సొంత ఆన్‌లైన్ తీర్పుల సంపుటి ఇ-ఎస్సీఆర్‌లో 2023 నుంచి ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. హైకోర్టులవి ఇ-కోర్ట్స్ తీర్పుల పోర్టల్‌లో దొరుకుతాయి. రెండూ కలిపి వెతకడానికి ఇండియన్ కానూన్ అనే వెబ్‌సైట్ సులువు. పేరు, సంవత్సరం, కోర్టు మూడూ కలవాలి. కలిశాక కూడా తీర్పు తెరిచి, ఏఐ చెప్పిన మాట నిజంగా అందులో ఉందో లేదో చూడాలి. ఉన్న తీర్పుకు లేని మాట అంటగట్టడం, లేని తీర్పును పుట్టించడం కంటే పట్టుకోవడానికి కష్టం. "ఇది నిజమైన తీర్పేనా?" అని మళ్లీ ఏఐనే అడగడం పరీక్ష కాదు. 2023లో న్యూయార్క్‌లో ఒక విమాన సంస్థపై వేసిన కేసులో న్యాయవాదులు సరిగ్గా ఆ ప్రశ్నే అడిగారు. అది అవునంది. చివరికి 5,000 డాలర్ల జరిమానా పడింది.

సొంతంగా వాదించుకునేవారికి కోర్టు జాలి చూపుతుందన్న నమ్మకం వద్దు. బ్రిటన్‌లో ఒక మహిళ 2023లో పన్ను పెనాల్టీపై సొంతంగా అప్పీలు వేసుకుని తొమ్మిది తీర్పులు చూపింది, తొమ్మిదీ కల్పితాలే. ఆమెకు తెలియక జరిగిందని ట్రైబ్యునల్ నమ్మింది, అయినా అప్పీలు నెగ్గలేదు. అమెరికాలోని మిస్సోరీలో 2024లో సొంతంగా అప్పీలు చేసుకున్న వ్యక్తి చూపిన 24 తీర్పుల్లో 22 లేనివి. ఆన్‌లైన్‌లో దొరికిన ఒక సలహాదారు రాసిచ్చాడని క్షమాపణ చెప్పుకున్నా, అప్పీలు కొట్టేసి ఎదుటివారికి 10,000 డాలర్లు కట్టమన్నారు. మన దగ్గరా బెంగళూరు ఆదాయపు పన్ను అప్పీలు ట్రైబ్యునల్ 2024 డిసెంబరులో ఇచ్చిన ఒక ఉత్తర్వులోకి లేని తీర్పులు చొరబడ్డాయని తేలి, దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

నిజానికి 40 వేల ఫ్రిజ్ కేసుకు తీర్పులు అక్కర్లేదు. బిల్లు, వారంటీ, సర్వీసు రిపోర్టు సరిగ్గా ఉంటే చాలు. అనుమానం ఉన్న తీర్పును తీసేస్తే మీ ఫిర్యాదు బలహీనపడదు.

సెక్షన్లు, చట్టాలు పాతవి చెబుతోంది. ఏమి చేయాలి?

2024 జులై 1 నుంచి నేరాలు, శిక్షల చట్టమైన ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాయి. అందరికీ తెలిసిన 125వ సెక్షన్ మనోవర్తి ఇప్పుడు 144. అయితే ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి ఐపీసీయే వర్తిస్తుంది కనుక ఏఐ పాత సెక్షన్ చెప్పిన ప్రతిసారీ తప్పని కూడా అనలేం. సంఘటన జరిగిన తేదీ చెప్పి అడగండి.

భూమి విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. తెలంగాణలో ధరణిని ఆధారం చేసుకున్న 2020 చట్టం స్థానంలో 2025లో భూభారతి చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ల్యాండ్ టైట్లింగ్ చట్టాన్ని 2024లో రద్దు చేశారు. ఏఐ రెండింటినీ ఇంకా బతికే ఉన్నట్టు వివరించగలదు. చట్టం పాఠాన్ని ఇండియా కోడ్ సైట్‌లో తెరిచి చూడండి.

ఏఐ సాయం తీసుకున్నానని ఫిర్యాదులో రాయాలా?

అడగనిచోట ప్రత్యేకంగా రాయనవసరం లేదు. అడిగితే దాచవద్దు. ఎవరు రాసిపెట్టినా సంతకం మీదే, జవాబుదారీ మీదే.

## దాఖలు చేశాక, వాయిదాల్లో

ఆన్‌లైన్‌లో ఎక్కడ దాఖలు చేయాలి?

2025 జనవరి 1న మొదలైన ఇ-జాగృతి పోర్టల్‌లో. ఏఐ ఇంకా పాత ఇ-దాఖిల్ పేరు చెప్పవచ్చు. కేసుకు ముందే రాజీ ప్రయత్నం చేయాలనుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

నా వాయిదా ఎప్పుడో ఏఐని అడిగితే చెబుతుందా?

చెప్పదు, చెప్పినా నమ్మవద్దు. కోర్టు కేసుకు 16 అక్షరాల, అంకెల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. దాన్ని ఇ-కోర్ట్స్ యాప్‌లో వేస్తే వాయిదా కనిపిస్తుంది. వినియోగదారుల కేసుకైతే ఇ-జాగృతిలో చూడాలి. ఫోను అలవాటు లేనివారు కోర్టు ఆవరణలోని ఇ-సేవా కేంద్రంలో అడగవచ్చు.

కంపెనీ జవాబు ఇవ్వకుండా వాయిదాల మీద వాయిదాలు అడుగుతోంది. నేనేమి చేయగలను?

ఫిర్యాదు, నోటీసు అందాక ఎదుటి పక్షం 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. కమిషన్ ఇంకో 15 రోజులు ఇవ్వగలదు, అంతకు మించి ఇవ్వలేదు. ఆ 45 రోజుల హద్దు తప్పనిసరి అని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో, పాత చట్టం కింద వచ్చిన కేసులోనే తేల్చింది. నోటీసు ఏ రోజు అందిందో పోస్టల్ ట్రాకింగ్ ప్రింటు తీసి ఉంచుకోండి. రోజులు ఏఐతో లెక్కించుకోవచ్చు. క్యాలెండరు మీద వేలుపెట్టి మరోసారి లెక్కించండి. వాయిదా రోజున "గడువు ఫలానా తేదీతో ముగిసింది, జవాబును రికార్డులోకి తీసుకోవద్దు" అని ఒక్క వాక్యం చెప్పి, అదే రాతపూర్వకంగా ఇవ్వండి.

కమిషన్ ముందు నోరు పెగలదేమోనని భయం. ఏఐతో సాధన చేయవచ్చా?

నన్నడిగితే ఏఐని వాడుకోదగ్గ పనుల్లో ఇదే మేలైనది, జనం అంతగా వాడనిదీ ఇదే. మీ ఫిర్యాదు, కంపెనీ జవాబు రెండూ ఇచ్చి, "నువ్వు కంపెనీ తరఫు వకీలువి. నన్ను తెలుగులో ఒక్కొక్కటిగా ప్రశ్నలు అడుగు. నన్ను మెచ్చుకోవద్దు, నా జవాబులో లోపం ఎక్కడుందో చెప్పు" అనండి. మెచ్చుకోవద్దని చెప్పకపోతే ప్రతి జవాబుకూ భేష్ అంటుంది. "వారంటీ కార్డులో వోల్టేజి హెచ్చుతగ్గులకు బాధ్యత లేదని ఉంది కదా, స్టెబిలైజర్ పెట్టారా?" లాంటి ప్రశ్న ఇంట్లోనే ఎదురైతే మంచిది.

తర్వాత రెండు నిమిషాల్లో చెప్పడం సాధన చేయండి. మొదటి వాక్యంలోనే ఏమి కావాలో చెప్పండి: "ఫలానా తేదీన కొన్న ఫ్రిజ్ మూడుసార్లు మరమ్మతు చేసినా పనిచేయలేదు, డబ్బు వాపసు ఇప్పించమని కోరుతున్నాను." మిగతాది అడిగినప్పుడు చెప్పవచ్చు. తెలియనిది అడిగితే "కాగితం చూసి చెబుతాను" అనడం తప్పేమీ కాదు.

విచారణ హాల్లో ఫోన్లో ఏఐని చూసుకుంటూ జవాబు చెప్పవచ్చా? విచారణ రికార్డు చేసుకోవచ్చా?

రెండూ వద్దు. విచారణను అనుమతి లేకుండా రికార్డు చేయడం వీడియో విచారణలోనూ నిషిద్ధమే. చెవిలో ఏఐ చెబుతుంటే కోర్టులో వల్లె వేసే ప్రయోగం డునాట్‌పే 2023లో అమెరికాలో ప్రకటించి, ప్రాసిక్యూషన్ హెచ్చరికలు రావడంతో విరమించుకుంది. కాగితం మీద ఐదు పాయింట్లు రాసుకుని వెళ్లండి.

కంపెనీ చాట్‌బాట్ చెప్పింది నమ్మి నష్టపోయాను. "అది యంత్రం, మాకు సంబంధం లేదు" అంటున్నారు. ఇది చెల్లుతుందా?

కెనడాలో చెల్లలేదు. దగ్గరి బంధువు చనిపోయి ప్రయాణం చేయాల్సివచ్చిన ఒక వ్యక్తికి ఎయిర్ కెనడా చాట్‌బాట్, ప్రయాణం తర్వాత కూడా రాయితీకి దరఖాస్తు చేయవచ్చని చెప్పింది. తీరా అడిగితే కంపెనీ కాదంది. చాట్‌బాట్ చేసే పనులకు చాట్‌బాటే బాధ్యురాలన్న ధోరణిలో వాదించింది. బ్రిటిష్ కొలంబియాలోని సివిల్ రిజల్యూషన్ ట్రైబ్యునల్ 2024 ఫిబ్రవరిలో ఆ వాదనను తోసిపుచ్చి, మొత్తం 812 కెనడా డాలర్లు ఇప్పించింది. చిన్న మొత్తాల తగాదాలను సామాన్యులు వకీలు లేకుండా ఆన్‌లైన్‌లోనే తేల్చుకునేలా ఏర్పాటు చేసిన ట్రైబ్యునల్ అది. ఆ తీర్పు మన కమిషన్లను కట్టడి చేయదు, కానీ దానిలోని తర్కం మీరూ చెప్పుకోవచ్చు. అతన్ని కాపాడింది స్క్రీన్‌షాట్. మీరూ తీసి పెట్టుకోండి.

జడ్జి కూడా ఏఐతోనే తీర్పు రాస్తే నా గతి ఏమిటి?

తేల్చాల్సింది మనిషే అన్నదే మన కోర్టుల వైఖరి. కేరళ హైకోర్టు 2025 జులైలో జిల్లా కోర్టులకు ఇచ్చిన విధానం తీర్పుకు, నిర్ణయానికి ఏఐని వాడకూడదని స్పష్టంగా నిషేధించింది. ఇతర పనులకు వాడకం ఉంది. సుప్రీంకోర్టు 2019 నుంచి సువాస్ అనే సాధనంతో తీర్పులను అనువదిస్తోంది, 2023 నుంచి రాజ్యాంగ ధర్మాసనం వాదనలను ఏఐతో రాతలోకి తెస్తోంది. మీ ఉత్తర్వులో మీరు ఎన్నడూ చెప్పని సంగతో, లేని తీర్పో కనిపిస్తే అప్పీలులో దాన్నే మొదటి అభ్యంతరంగా పెట్టండి.

రాజీకి వస్తామంటున్నారు. ఒప్పుకోవాలా వద్దా ఏఐని అడగవచ్చా?

ఒప్పంద పత్రంలో మీకు అర్థం కాని షరతులను విప్పిచెప్పమనండి. "ఇందులో నేను ఏ హక్కు వదులుకుంటున్నాను?" అన్నది మంచి ప్రశ్న. ఒప్పుకోవాలా అన్నది మాత్రం మీ అవసరం, మీ ఓపిక చూసుకుని మీరే తేల్చుకోవాలి. లోక్ అదాలత్‌లో రాజీ పడితే ఆ అవార్డు అంతిమం, దాని మీద అప్పీలు లేదు. తొందరపెట్టినా చదవకుండా సంతకం చేయకండి.

## తీర్పు వచ్చాక

ఆర్డరు ఇంగ్లీషులో ఉంది. ఏఐ అనువాదం చాలా?

చదువుకోవడానికి చాలు. ఎక్కడైనా చూపించడానికి ఇంగ్లీషు ప్రతే ప్రామాణికం. సుప్రీంకోర్టు తన సొంత తెలుగు అనువాదాల విషయంలోనూ, అవి కక్షిదారు అర్థం చేసుకోవడానికేనని, అధికారిక వ్యవహారాలకు ఇంగ్లీషు ప్రతే చెల్లుతుందని చెబుతుంది. ముందు చివరి పేజీ చదవండి. ఎంత, ఎన్ని రోజుల్లో, ఎంత వడ్డీతో అన్నవి అక్కడే ఉంటాయి.

ఓడిపోయాను. అప్పీలు వేస్తే గెలుస్తానని ఏఐ అంటోంది. వేయనా?

దాని ఆశావాదానికి విలువ ఇవ్వకండి. మీరు బాధగా అడిగితే ఓదార్పుగా చెబుతుంది. ఆర్డరు ఇచ్చి, "కమిషన్ నన్ను ఏ కారణాలతో కాదంది? వాటిలో కాగితం లేకపోవడం వల్ల వచ్చినవి ఏవి, చట్టాన్ని తప్పుగా చదవడం వల్ల వచ్చినవి ఏవి?" అని విడదీయమనండి. మొదటి రకమే ఎక్కువైతే అప్పీలులో నెగ్గడం కష్టం. జిల్లా కమిషన్ ఉత్తర్వు మీద రాష్ట్ర కమిషన్‌కు 45 రోజుల్లో వెళ్లాలి. ఈ దశలో ఒక్కసారైనా న్యాయవాదికి చూపించి, ఆయన మాట విన్నాక నిర్ణయించుకోండి.

గెలిచాను. కంపెనీ డబ్బు ఇవ్వడం లేదు. ఇప్పుడేమిటి?

ముందు కంపెనీ అప్పీలుకు వెళ్లిందేమో చూడండి. డబ్బు కట్టమన్న ఉత్తర్వుపై అప్పీలు చేయాలంటే అందులో సగం సొమ్ము జమ చేయాలి. అప్పీలు లేకపోతే, లేదా ఉన్నా స్టే రాకపోతే, అదే జిల్లా కమిషన్‌లో అమలు పిటిషన్ వేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 71వ సెక్షన్ కింద ఉత్తర్వును సివిల్ కోర్టు డిక్రీలాగా అమలు చేయిస్తారు. 72వ సెక్షన్ కింద ఉత్తర్వు పాటించనివారికి నెల నుంచి మూడేళ్ల వరకు జైలు గానీ, 25,000 నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. రెండింటి కిందా విడివిడిగా అడగవచ్చు. పిటిషన్‌కు ఉత్తర్వు ధ్రువీకృత ప్రతి, గడువు ముగిసిన తేదీ, ఈ రోజు వరకు వడ్డీ లెక్క కావాలి. వడ్డీ లెక్క ఏఐతో వేయించుకోవచ్చు. సాధారణ వడ్డీయా చక్రవడ్డీయా, ఏ తేదీ నుంచి అన్నది ఉత్తర్వులోని మాటను యథాతథంగా ఇచ్చి అడగండి, తర్వాత క్యాలిక్యులేటర్‌తో ఒకసారి సరిచూసుకోండి.